లింకు పంపగలిగే పేజీ, మధ్యలో ఆగినా పోని ఫామ్: ఫేసెస్‌లో యాక్షన్, కాంపొనెంట్ పద్ధతులను కలపడం

మార్చిలో గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల ముందు మిర్చి లారీలు బారులు తీరి ఉంటాయి. అలాంటి రోజుల్లో, మేం రాసిన అప్లికేషన్ వాడే ఒక స్టోరేజీ నుంచి నాకు ఒకే వారంలో రెండు ఫోన్లు వచ్చాయి.

మొదటిది యజమాని నుంచి. గుమస్తా తేజ రకం మిర్చి లాట్లన్నీ వెతికి, ఆ పేజీ లింకు వాట్సాప్‌లో ఆయనకు పంపాడు. ఆయన తెరిస్తే ఖాళీ సెర్చ్ పేజీ వచ్చింది. "లాట్లు ఏమైపోయాయండీ?" అని కంగారు. రెండోది కాటా దగ్గర కూర్చునే కుర్రాడి నుంచి. 40 టిక్కీల (మిర్చి బస్తాల) తూకాలు ఒక్కొక్కటే ఎక్కించి, భోంచేసి వచ్చి సేవ్ నొక్కితే వ్యూ ఎక్స్‌పైర్డ్ ఎక్సెప్షన్ అని పేజీ నిండా ఎర్రర్. తూకాలన్నీ పోయాయి. టిక్కీలు అప్పటికే చాంబర్‌లో పేర్చేశారు. మళ్లీ కాటా వేయాలంటే హమాలీలను పిలిచి అన్నీ బయటికి తీయించాలి. ఆ కుర్రాడి గొంతులోని వణుకు నాకు ఇంకా గుర్తుంది.

రెండు ఫిర్యాదులకూ మూలం ఒక్కటే. అప్లికేషన్ మొత్తాన్నీ మేం ఫేసెస్ (జావాలో వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్, పాత పేరు జేఎస్‌ఎఫ్) కాంపొనెంట్లతో, ప్రతి క్లిక్కూ పోస్ట్ రిక్వెస్ట్‌గా, అంటే వివరాలు అడ్రసులో కనిపించకుండా వెళ్లేలా కట్టాం. అంతా తీసేసి, యాక్షన్ పద్ధతిలో నడిచే స్ప్రింగ్ ఎంవీసీ అనే ఫ్రేమ్‌వర్క్‌లో మళ్లీ రాద్దామని మా టీమ్‌లో కొందరు అన్నారు. నేను వద్దన్నాను. కాటా స్క్రీన్ లాంటిదాన్ని యాక్షన్ పద్ధతిలో రాస్తే ఎంత కష్టమో ఇంతకుముందు ఇంకో ప్రాజెక్టులో అనుభవించాను. చివరికి రెండు పద్ధతులనూ ఒకే అప్లికేషన్‌లో కలిపాం. ఎలా కలపాలో, ఎక్కడ దెబ్బ తగులుతుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీరు ఫేసెస్ 2.2 లేదా ఆ తర్వాతి వెర్షన్‌లో ఉంటే ఇక్కడ చెప్పేవి దాదాపు అన్నీ పనిచేస్తాయి.

రెండు పద్ధతుల తేడా ఎక్కడుంది

యాక్షన్ పద్ధతిలో అన్నిటికంటే ముందు వచ్చేది అడ్రసు. బ్రౌజర్ ఒక యూఆర్‌ఎల్ అడుగుతుంది, ముందున్న ఒకే సర్వ్‌లెట్ దాన్ని అందుకుని ఏ మెథడ్‌కు పంపాలో చూస్తుంది, ఆ మెథడ్ డేటా తెచ్చి ఒక వ్యూకి అప్పజెప్తుంది. అక్కడితో పని అయిపోతుంది. సర్వర్ మీ గురించి ఏమీ గుర్తుపెట్టుకోదు. స్ట్రట్స్, స్ప్రింగ్ ఎంవీసీ ఈ దారిలోనివి.

కాంపొనెంట్ పద్ధతిలో ముందు వచ్చేది పేజీ. పేజీలోని ఫామ్, టేబుల్, బటన్ అన్నీ సర్వర్‌లో ఒక చెట్టులా నిలబడతాయి. బటన్ నొక్కగానే ఆ చెట్టును మళ్లీ నిలబెట్టి, వచ్చిన విలువలను కొమ్మకొమ్మకూ పంచి, చెక్ చేసి, బీన్‌లో (పేజీ విలువలు దాచే జావా ఆబ్జెక్టులో) పెట్టి, మీ మెథడ్ పిలిచి, పేజీని మళ్లీ గీస్తుంది. ఫేసెస్‌లో ఇవన్నీ కలిపి 6 దశలు. చెట్టును మళ్లీ నిలబెట్టడానికి కావలసిన వ్యూ స్టేట్ మామూలుగా సర్వర్‌లో ఒక్కో యూజర్‌కు ఉండే సెషన్‌లో ఉంటుంది, పేజీలోని ఒక హిడెన్ ఫీల్డ్ దాని టోకెన్. ఆ కుర్రాడు భోజనానికి వెళ్లినప్పుడు పోయింది ఇదే.

ఈ రెండూ బద్ధశత్రువులని చాలామంది వాదిస్తారు. కానీ 2000లో స్ట్రట్స్ మొదలుపెట్టిన క్రెగ్ మెక్‌క్లానహనే, 2004లో వచ్చిన మొదటి జేఎస్‌ఎఫ్ స్పెసిఫికేషన్‌కు సారథ్యం వహించినవాళ్లలో ఒకరు. ఆ రోజుల్లోనే స్ట్రట్స్ ప్రాజెక్టులో ఈ రెంటినీ కలిపే లైబ్రరీ కూడా ఉండేది. కలపాలన్న ఆలోచన మొదటి నుంచీ ఉన్నదే.

ముందు కాగితం, తర్వాతే కోడ్

మీ అప్లికేషన్‌లోని స్క్రీన్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్క దాని పక్కన రెండు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ స్క్రీన్‌ను ఎవరికైనా లింకుగా పంపుతారా, బుక్‌మార్క్ చేస్తారా, బ్యాక్ బటన్‌తో తిరిగి వస్తారా? ఇక్కడ పని పూర్తయ్యేలోపు అదే పేజీ సర్వర్‌తో నాలుగైదు సార్లు మాట్లాడాలా?

మొదటి ప్రశ్నకు అవును అంటే అది యాక్షన్ స్క్రీన్. లాట్ల సెర్చ్, లాట్ వివరాలు, రసీదు ప్రింట్, రోజువారీ రిపోర్టు మాకు ఇందులోకి వచ్చాయి. రెండో ప్రశ్నకు అవును అంటే కాంపొనెంట్ స్క్రీన్. కాటా ఎంట్రీ, కొన్ని టిక్కీలు విడుదల చేసి అద్దె లెక్క కట్టే స్క్రీన్ ఇందులోకి వచ్చాయి. రెంటికీ అవును అని వస్తే ఆ స్క్రీన్‌లో రెండు పనులు కలిసిపోయాయని అర్థం, దాన్ని రెండు ముక్కలు చేయండి. మా లాట్ వివరాల పేజీలోనే ఎడిట్ కూడా ఉండేది. చూడటం ఒక పేజీ, మార్చడం ఇంకో పేజీ అని విడదీసిన రోజున సగం చిక్కులు పోయాయి.

ఇక ఈ రెండు రకాల మధ్య గడప. ఒకవైపు నుంచి ఇంకోవైపు దాటేటప్పుడు చేతిలో ఒక్క నంబరు మాత్రమే ఉండాలి. లాట్ నంబరో, డ్రాఫ్ట్ నంబరో యూఆర్‌ఎల్‌లో వెళ్తుంది. మిగతా అంతా అవతలి వైపు డేటాబేస్ నుంచి మళ్లీ తెచ్చుకోవాలి. సెషన్‌లో ఆబ్జెక్టు పెట్టి ఇటు నుంచి అటు దాటించాలని ఎప్పుడు అనిపించినా ఆగండి. ఒకే గుమస్తా రెండు ట్యాబుల్లో రెండు లాట్లు తెరిస్తే మొదటి ట్యాబులో రెండో లాట్ సేవ్ అవుతుంది. అది మాకు నిజంగా జరిగింది.

మొదటి మెట్టు: ఫేసెస్ లోపలే యాక్షన్

కొత్త ఫ్రేమ్‌వర్క్ తేకముందు ఫేసెస్‌లోనే ఉన్నవి వాడండి. యూఆర్‌ఎల్‌లోని విలువను అందుకునే వ్యూపారామ్ ఫేసెస్ 2.0తో 2009లో వచ్చింది, పేజీ తెరవగానే ఒక మెథడ్‌ను పిలిచే వ్యూయాక్షన్ 2.2తో 2013లో వచ్చింది. ఈ రెంటితో ఒక మామూలు ఫేసెస్ పేజీ గెట్ రిక్వెస్ట్‌కు (వివరాలు అడ్రసులోనే వచ్చే రకానికి) కంట్రోలర్‌లా, అంటే యాక్షన్ పద్ధతిలో రిక్వెస్ట్ అందుకునే క్లాసులా జవాబిస్తుంది.

మా సెర్చ్ పేజీనే తీసుకోండి. పేజీ పైన మెటాడేటా భాగంలో రకం, చాంబర్, పేజీ నంబరు అనే మూడు వ్యూపారామ్‌లు పెట్టాం. వాటి కింద "వెతుకు" అనే మెథడ్‌ను పిలిచే ఒక వ్యూయాక్షన్. లింకు తెరవగానే యూఆర్‌ఎల్‌లోని విలువలు కన్వర్ట్ అవుతాయి, వాలిడేట్ అవుతాయి, బీన్‌లో చేరతాయి, ఆపైన మెథడ్ నడుస్తుంది. పేజీ నంబరు ఉండాల్సిన చోట ఎవరైనా అక్షరాలు కొడితే కన్వర్షన్ దగ్గరే ఆగి మెసేజ్ వస్తుంది, మెథడ్ అసలు నడవదు. కంట్రోలర్‌లో తప్పు చూసి ఆపి మెసేజ్ చూపే పని మనమే రాసుకోవాలి, ఇక్కడ ఊరికే వస్తుంది.

పాత కోడ్‌లో ఇదే పనికి ప్రీరెండర్‌వ్యూ ఈవెంట్ వాడి ఉంటారు. అది పోస్ట్‌బ్యాక్‌లో (అదే పేజీలోని ఫామ్ తిరిగి సర్వర్‌కు వచ్చినప్పుడు) కూడా నడుస్తుంది కాబట్టి ప్రతిసారీ పోస్ట్‌బ్యాకా కాదా అని చూసుకోవాలి. వ్యూయాక్షన్ మామూలుగా పోస్ట్‌బ్యాక్‌లో నడవదు. మార్చేయండి.

తర్వాత సెర్చ్ ఫామ్. దాన్ని ఫేసెస్ ఫామ్‌గా ఉంచకండి. మామూలు హెచ్‌టీఎంఎల్ ఫామ్, మెథడ్ గెట్, ఇన్‌పుట్ పేర్లు వ్యూపారామ్ పేర్లతో సరిపోవాలి, అంతే. వెతుకు బటన్ నొక్కగానే విలువలన్నీ యూఆర్‌ఎల్‌లోకి వస్తాయి. పేజీ నంబర్ల లింకులకు కమాండ్‌లింక్ తీసి మామూలు లింక్ కాంపొనెంట్ పెట్టండి. కమాండ్‌లింక్ చూడటానికి లింకులా ఉన్నా లోపల ఫామ్ సబ్మిట్, కుడి క్లిక్ చేసి కొత్త ట్యాబులో తెరిస్తే పనిచేయదు.

ఈ పేజీలో ఇప్పుడు ఫేసెస్ ఫామ్ లేదు కాబట్టి దానికి స్టేట్ అక్కర్లేదు. ఇలాంటి పేజీలో ఒకటీ అరా చిన్న ఫేసెస్ ఫామ్ ఉంచక తప్పకపోతే వ్యూ ట్యాగ్‌లో ట్రాన్సియెంట్ అని పెట్టి స్టేట్‌లెస్ చేయొచ్చు. కానీ వ్యూ స్కోప్ బీన్ (అదే పేజీలో ఉన్నంతసేపూ బతికే బీన్) అక్కడ నిలవదు, వ్యూ స్టేట్ టోకెన్ వల్ల ఊరికే దొరికే సీఎస్‌ఆర్‌ఎఫ్ రక్షణ (వేరే సైటు మన యూజర్ పేరు మీద ఫామ్ పంపకుండా ఆపేది) కూడా పోతుంది. డేటా మార్చే ఏ ఫామ్‌నూ స్టేట్‌లెస్ చేయకండి.

సెర్చ్‌ను గెట్‌కు మార్చడం వల్ల కాటా స్క్రీన్‌కు కూడా మేలు జరిగింది. ఫేసెస్‌ను అమలు చేసే లైబ్రరీల్లో ఒకటైన మొజారాలో సెషన్‌కు మామూలుగా 15 వ్యూలే దాస్తారు. గుమస్తా ఒక ట్యాబులో తూకాలు ఎక్కిస్తూ, ఇంకో ట్యాబులో లాట్లు వెతుకుతూ పోతే, 16వది రాగానే అన్నిటికన్నా పాతది వెళ్లిపోతుంది. ఆ పాతది కాటా పేజీ కావచ్చు. స్టేట్ లేని పేజీలు ఆ లెక్కలోకి రావు.

ఇంకొక జాగ్రత్త. వ్యూపారామ్‌కు లాట్ ఆబ్జెక్టునే నేరుగా కట్టి, కన్వర్టర్‌లో డేటాబేస్ నుంచి తెచ్చే అలవాటు చాలామందికి ఉంది. ఆ కన్వర్షన్ ప్రతి పోస్ట్‌బ్యాక్‌లోనూ మళ్లీ జరుగుతుంది. ఎడిట్ పేజీలో ప్రతి ఏజాక్స్ పిలుపుకూ (పేజీ మొత్తం మారకుండా సర్వర్‌తో మాట్లాడేదానికి) ఒక క్వెరీ! వ్యూపారామ్‌లో నంబరు మాత్రమే ఉంచండి, లాట్‌ను వ్యూయాక్షన్‌లో ఒక్కసారి తెచ్చుకోండి.

రెండో మెట్టు: పక్కనే అసలైన కంట్రోలర్లు

రసీదు పీడీఎఫ్, ఎక్సెల్ రిపోర్టు, "/లాట్స్/4127" లాంటి శుభ్రమైన అడ్రసులు ఫేసెస్ పేజీల్లో లాగడం కష్టం. వీటికి నిజమైన కంట్రోలర్ కావాలి. మేం యాక్షన్ పద్ధతిలో నడిచే జకార్తా ఎంవీసీ తీసుకున్నాం. జావా ఈఈ 8 కోసమని 2014లో మొదలైన జేఎస్‌ఆర్ 371 (జావా స్పెసిఫికేషన్ ప్రతిపాదన) ఇది. ఆ వెర్షన్ నుంచి తీసేశాక కమ్యూనిటీ చేతిలోకి వెళ్లి 2020 జనవరిలో పూర్తయింది. అమలుకు క్రాజో అనే లైబ్రరీ ఉంది. జకార్తా రెస్ట్ (పాత పేరు జాక్స్-ఆర్‌ఎస్) మీదే కట్టారు కాబట్టి రెస్ట్ తెలిసినవాళ్లకు కొత్తగా నేర్చుకునేది తక్కువ. మీ దగ్గర స్ప్రింగ్ ఇప్పటికే ఉంటే స్ప్రింగ్ ఎంవీసీ పెట్టుకోండి, పద్ధతి అదే.

మొట్టమొదట సర్వ్‌లెట్ మ్యాపింగులు విడదీయండి. ఫేసెస్ సర్వ్‌లెట్‌కు ఎక్స్‌హెచ్‌టీఎంఎల్‌తో ముగిసేవి మాత్రమే, కంట్రోలర్లకు "/చూడు" లాంటి ఒక ముందుమాట కింద వచ్చేవి మాత్రమే. రెంటిలో దేనికీ మొత్తం దారి అప్పగించకండి.

హెడర్, మెనూ రెండు వైపులా ఒకేలా ఉండాలి కదా. అందుకని కంట్రోలర్ల వ్యూలు కూడా ఫేస్‌లెట్స్‌లోనే (ఫేసెస్ పేజీలు రాసే పద్ధతిలోనే) రాశాం, అదే టెంప్లేట్ వాడుకున్నాం. కంట్రోలర్ మెథడ్ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పేరు తిరిగిస్తే రిక్వెస్ట్ అక్కడికి ఫార్వర్డ్ అవుతుంది. రిక్వెస్ట్ స్కోప్‌లోని, అంటే ఒక్క రిక్వెస్ట్ పాటే ఉండే సీడీఐ బీన్లు రెండు వైపులా ఒకటే. కానీ ఆ పేజీల్లో ఫేసెస్ ఫామ్ పెట్టకూడదు. పెడితే సబ్మిట్ నేరుగా ఫేసెస్ సర్వ్‌లెట్‌కు వెళ్తుంది, మీ కంట్రోలర్ మెథడ్ నడవదు, పేజీ ఖాళీగా వస్తుంది. దీని మీద మాకు ఒక రోజంతా పోయింది. ఎందుకంటే మొదటిసారి పేజీ చక్కగా కనిపిస్తుంది, బటన్ నొక్కాకే తెలుస్తుంది.

కంట్రోలర్‌కు పోస్ట్ చేసే మామూలు హెచ్‌టీఎంఎల్ ఫామ్ ఉంటే సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్‌ను మీరే హిడెన్ ఫీల్డ్‌గా పెట్టాలి. ఎంవీసీ ఆ టోకెన్ ఇస్తుంది, పెట్టడం మన పని.

రీడైరెక్ట్ విషయంలో రెండు వైపులా రెండు చిక్కులున్నాయి. ఫేసెస్ మెథడ్ స్ట్రింగ్ తిరిగిస్తే దాన్ని ఫేసెస్ పేజీగానే చూస్తుంది, కాబట్టి కంట్రోలర్ వైపు వెళ్లాలంటే ఫేసెస్ ఇచ్చే ఎక్స్‌టర్నల్ కాంటెక్స్ట్ అనే ఆబ్జెక్టులోని రీడైరెక్ట్ పిలవాలి. కంట్రోలర్ నుంచి "రీడైరెక్ట్" అని ముందు చేర్చి దారి ఇస్తే అది "/చూడు" కిందే వెతుకుతుంది. అక్కడి నుంచి ఫేసెస్ పేజీకి వెళ్లాలంటే కాంటెక్స్ట్ పాత్ నుంచి పూర్తి అడ్రసు కట్టి ఇవ్వండి. ఇక "సేవ్ అయింది" అన్న మెసేజ్: ఫేసెస్ ఫ్లాష్‌లో (తర్వాతి పేజీ దాకా నిలిచే చిన్న దాపులో) పెట్టింది కంట్రోలర్ చదవలేదు. ఎంవీసీకి సొంత రీడైరెక్ట్ స్కోప్ ఉంది, అది ఇటువైపు వాడుకోవడానికి కుదరదు. యూఆర్‌ఎల్ చివర ఒక చిన్న గుర్తు చేర్చి, అవతలి పేజీ దాన్ని చూసి మెసేజ్ చూపిస్తే చాలు.

తూకం సున్నా కంటే ఎక్కువ ఉండాలి లాంటి నియమాలు బీన్ వాలిడేషన్ అనొటేషన్లుగా ఒకే క్లాసు మీద రాయండి. ఫేసెస్ వాటిని తనంతట తానే చూస్తుంది, కంట్రోలర్‌లో బైండింగ్ రిజల్ట్ ద్వారా తప్పులు అందుకోవచ్చు. అద్దె లెక్క, లాట్ సేవ్ లాంటివి సర్వీస్ క్లాసుల్లో ఉండాలి. ఫేసెస్ క్లాసు ఇంపోర్ట్ చేసిన సర్వీస్ కనిపిస్తే దాన్ని మళ్లీ రాయండి.

కాటా స్క్రీన్: మధ్యలో ఆగినా పోకుండా

ఇది దగ్గరగా చూపించాల్సిన భాగం. 40 వరుసల టేబుల్, ప్రతి తూకం కొట్టగానే మొత్తం మారాలి, సగటుకు బాగా తేడాగా ఉన్న వరుస పసుపు రంగులోకి రావాలి, వరుసలు తీసేయొచ్చు, చేర్చొచ్చు. ఇదంతా ఫేసెస్‌లో ఒక టేబుల్, ఒక వ్యూ స్కోప్ బీన్, ప్రతి ఇన్‌పుట్‌కు ఒక ఏజాక్స్ ట్యాగ్‌తో అయిపోతుంది. ఇది కాంపొనెంట్‌గానే ఉండాలి. మార్చాల్సింది దాని లోపలికి వెళ్లే దారిని.

"కొత్త లాట్" నొక్కగానే ఒక కంట్రోలర్ మెథడ్ డేటాబేస్‌లో ఖాళీ డ్రాఫ్ట్ సృష్టించి, కాటా పేజీకి ఆ డ్రాఫ్ట్ నంబరుతో రీడైరెక్ట్ చేస్తుంది. సృష్టించే పని కాబట్టి ఇది పోస్ట్‌గానే ఉండాలి. కాటా పేజీలో వ్యూయాక్షన్ ఆ నంబరుతో డ్రాఫ్ట్ తెస్తుంది. ప్రతి తూకం ఏజాక్స్‌లో రాగానే బీన్‌తో పాటు డ్రాఫ్ట్ టేబుల్‌లో కూడా పడుతుంది. చివర్లో సేవ్ అంటే డ్రాఫ్ట్‌ను అసలు లాట్‌గా మార్చడం మాత్రమే. ఇప్పుడు వ్యూ పోయినా అప్పటిదాకా డ్రాఫ్ట్‌లో పడిన తూకాలేవీ పోవు, అదే అడ్రసు మళ్లీ తెరిస్తే చాలు.

అయితే తెరిచేదెవరు? గుమస్తాకు ఎక్సెప్షన్ పేజీ చూపించి మళ్లీ తెరువు అనలేం. ఒక సొంత ఎక్సెప్షన్ హ్యాండ్లర్ రాసి, వ్యూ ఎక్స్‌పైర్డ్ వస్తే డ్రాఫ్ట్ అడ్రసుకు రీడైరెక్ట్ చేయించాం. ఎక్స్‌టర్నల్ కాంటెక్స్ట్‌లోని రీడైరెక్ట్‌కు ఏజాక్స్ రిక్వెస్ట్ అని తెలుస్తుంది, దానికి తగ్గ జవాబే పంపుతుంది. కానీ మొదటిసారి పనిచేయలేదు. ఫేసెస్ ఫామ్ సబ్మిట్ అయ్యే అడ్రసులో ప్రశ్న గుర్తు తర్వాతి భాగం ఉండదు. డ్రాఫ్ట్ నంబరు వ్యూ స్టేట్‌లో ఉంది, ఆ వ్యూ స్టేటే పోయింది. చివరికి ఫామ్ లోపల ఒక మామూలు హెచ్‌టీఎంఎల్ హిడెన్ ఇన్‌పుట్‌లో డ్రాఫ్ట్ నంబరు పెట్టాం. ఏజాక్స్ ఫామ్‌లోని అన్ని ఫీల్డులనూ పంపుతుంది కాబట్టి చెట్టు నిలబడకపోయినా ఆ నంబరు రిక్వెస్ట్ పారామీటర్‌గా దొరుకుతుంది. అయితే అది బ్రౌజర్ నుంచి వచ్చిన నంబరు. ఆ డ్రాఫ్ట్ ఈ యూజర్‌దేనా అని తెరిచేటప్పుడు తప్పక చూడండి.

సెషనే పూర్తిగా ముగిస్తే లాగిన్ కూడా పోతుంది, అప్పుడు మన హ్యాండ్లర్ దాకా రిక్వెస్ట్ రాదు. లాగిన్ పేజీ హెచ్‌టీఎంఎల్ ఏజాక్స్‌కు జవాబుగా వెళ్తుంది, ఫేసెస్ జావాస్క్రిప్ట్‌కు అది అర్థం కాదు, స్క్రీన్ మీద ఏమీ జరగదు. కుర్రాడు మాత్రం తూకాలు కొడుతూనే ఉంటాడు! మా లాగిన్ చెకింగ్ సొంత ఫిల్టర్‌లో ఉంది కాబట్టి, ఫేసెస్-రిక్వెస్ట్ అనే హెడర్‌లో పార్షియల్ ఏజాక్స్ అని ఉంటే డ్రాఫ్ట్ అడ్రసుకు రీడైరెక్ట్ చేయమనే చిన్న ఎక్స్‌ఎంఎల్ పంపేలా రాశాం. బ్రౌజర్ ఆ అడ్రసు అడుగుతుంది, లాగిన్ వస్తుంది, లాగిన్ అయ్యాక డ్రాఫ్ట్ దగ్గరికే తిరిగి వస్తుంది.

వికెట్ వాడేవాళ్లకు

వికెట్ జావాలో ఇంకో కాంపొనెంట్ ఫ్రేమ్‌వర్క్. ఆలోచన అదే. చూసే పేజీలను మౌంట్ చేసి (ఒక స్థిరమైన అడ్రసు ఇచ్చి), పేజీ పారామీటర్లతో కట్టి, వాటి మధ్య బుక్‌మార్కబుల్ పేజ్ లింకులే వాడండి. స్టేట్ కావలసిన కాంపొనెంట్ ఒక్కటి చేరినా వికెట్ ఆ పేజీని స్టేట్‌ఫుల్‌గా లెక్కేస్తుంది. కాబట్టి సెర్చ్ పేజీలో మామూలు లింక్ క్లాసు ఎక్కడైనా మిగిలిందేమో వెతకండి. ఎంట్రీ పేజీకి కూడా కన్‌స్ట్రక్టర్‌లో డ్రాఫ్ట్ నంబరు తప్ప ఇంకేమీ ఇవ్వకండి.

టెస్ట్ చేసే తీరు

లింకుల టెస్టుకు రెండో బ్రౌజర్ చాలు. మొదటి బ్రౌజర్‌లో ప్రతి యాక్షన్ స్క్రీన్ తెరిచి, అడ్రసు కాపీ చేసి, లాగిన్ లేని రెండో బ్రౌజర్‌లో పేస్ట్ చేయండి. లాగిన్ అడగాలి, ఆపైన అదే పేజీ, అదే లాట్లు, అదే పేజీ నంబరు కనిపించాలి. హోమ్ పేజీకి వెళ్తే లాగిన్ ఫిల్టర్ అడ్రసు గుర్తుపెట్టుకోలేదన్నమాట.

కాటా టెస్టుకు, టెస్ట్ సర్వర్‌లో సెషన్ టైమౌట్ 1 నిమిషానికి తగ్గించండి. కొత్త లాట్ తెరిచి మూడు తూకాలు కొట్టి, లేచి వెళ్లి టీ తాగి రండి. నాలుగోది కొట్టండి. లాగిన్ పేజీ రావాలి. లాగిన్ అయ్యాక అదే డ్రాఫ్ట్‌లో మూడు తూకాలూ ఉండాలి, నాలుగో వరుస ఒక్కటే ఖాళీగా ఉండి కర్సర్ అక్కడ ఆగాలి. ఆ కర్సర్ మాకు మొదట్లో పైవరుసలోకి వెళ్లేది. కాటా మీద టిక్కీ ఉండగా, కళ్లు కాటా అంకెల మీదే ఉంచి కొట్టేవాడు ఒకటో టిక్కీ తూకాన్ని చెరిపేస్తాడు. అందుకని పేజీ తెరవగానే మొదటి ఖాళీ వరుసకు ఫోకస్ ఇచ్చే రెండు లైన్ల జావాస్క్రిప్ట్ కూడా మర్చిపోకండి.